ఊరి క్లినిక్‌లో సిస్టర్ చూస్తే సరిపోతుందా? మీ అనుభవాలు చెప్పండి

టెక్కలి_పద్మ
మా అమ్మకి 62 ఏళ్ళు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో ఉంటాను, అమ్మ టెక్కలి దగ్గర మా ఊళ్ళోనే ఉంది. ఇదివరకు నెలకోసారి ఆటో కట్టించుకుని టౌనుకి వెళ్ళేది. రోజంతా పోయేది, ఆ రోజు కూలీ కూడా పోయేది. ఏడాదిగా ఊరి హెల్త్ క్లినిక్‌లో సిస్టరే బీపీ చూసి మాత్రలు ఇస్తున్నారు. అమ్మకి ఆవిడంటే మహా నమ్మకం. నాకే టెన్షన్. అమెరికాలో మా చిన్నాన్న కూతురు నర్స్ ప్రాక్టిషనర్. తనే పేషెంట్లని చూసి మందులు రాస్తుంది. మన ఊరి సిస్టర్ కూడా అలాంటివారేనా? ఎంతవరకు ఆవిడ మీద ఆధారపడొచ్చు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జీడితోట
మాది పలాస వైపు. మా నాన్న సంగతి చెబుతాను.

జీడి ఏరే రోజుల్లో నడుం నొప్పి అని కొట్లో మాత్రలు కొనుక్కుని మింగేవాడు. నొప్పి ఎక్కువైతే ఊళ్ళో సూది వేయించుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. కొత్తగా వచ్చిన సిస్టర్ బీపీ చూడ్డానికి పిలిచి, "ఏటేటి మాత్రలు వేసుకుంటున్నావు తాతా, ఓసారి చూపించు" అంది. నాన్న పంచె రొంటిలోంచి నలిగిపోయిన స్ట్రిప్పు తీశాడు. సగం ఖాళీ. డైక్లోఫెనాక్, నొప్పి మాత్ర. ఆవిడ దాన్ని పక్కన పెట్టేసి, "ఇది నువ్వు మింగకూడదు, మీ వీధిలో ఎవరూ మింగకూడదు" అని, అక్కడే కూర్చోబెట్టి నాన్నకి అర్థమయ్యేదాకా చెప్పింది. నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వస్తున్న కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. తేలకపోయినా, దెబ్బతిన్న కిడ్నీ మీద ఈ మాత్రలు పడకూడదన్నది మాత్రం ఖాయం.

రక్తం పరీక్షకి పంపింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.9 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. అప్పటికి కాళ్ళ వాపు లేదు, ఆయాసం లేదు, మనిషి మామూలుగానే తోటకి పోతున్నాడు. పీహెచ్‌సీ డాక్టరు గారు బీపీ మందు మార్చారు. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్ష. తేదీ దాటితే ఆశా కార్యకర్త మా గుమ్మంలో ఉంటుంది. జబ్బు పోలేదు, కానీ ముందే దొరికింది. ఎంత పెద్ద డాక్టరున్నా, ఆ రొంటిలో స్ట్రిప్పు చూసేవాళ్ళు ఊళ్ళో లేకపోతే మాకు దొరికేది కాదు.

బొబ్బిలి_శ్రీను
మా అనుభవం వేరు. కోపం లేకుండా చెప్పడం నాకు కష్టమే. మా బావగారికి తెల్లవారుజామున గుండెల్లో బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఎడమ దవడ లాగింది. తెలిసిన క్లినిక్ కదా అని తొమ్మిదింటికి తెరిచేదాకా ఆగి వెళ్ళారు. గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపేశారు. మధ్యాహ్నానికి టౌన్లో ఈసీజీ తీస్తే గుండెపోటు. స్టెంట్ వేశారు, బతికారు. పోయిన ఆ గంటలకి ఎవరు జవాబు చెప్తారు? ఎక్కడ ఆగాలో తెలియని చోట వైద్యం చేయకూడదు.

సిస్టర్_విజయనగరం
శ్రీను గారూ, అది తప్పే, సమర్థించను. నేను ఇలాంటి క్లినిక్‌లోనే సీహెచ్‌ఓగా, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా, పనిచేస్తున్నాను. నలభై దాటినవాళ్ళకి ఛాతీలో బరువు, చెమటలు అంటే మేము చేయాల్సిన మొదటి పని 108కి ఫోన్. గ్యాసా కాదా అన్నది ఈసీజీ చూశాక డాక్టరు తేల్చాలి. ఇంట్లోవాళ్ళు కూడా మా తలుపు తెరిచేదాకా ఆగకండి.

పద్మ గారూ, మేము అమెరికా నర్స్ ప్రాక్టిషనర్లలాంటి వాళ్ళం కాదు. మాది బీఎస్సీ నర్సింగ్, దాని మీద ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ కోర్సు. మన దేశంలో నర్స్ ప్రాక్టిషనర్ అనే రెండేళ్ళ పీజీ కోర్సు ఉంది, కానీ అది ఐసీయూ కోసం. ముప్పై దాటినవాళ్ళకి బీపీ, షుగర్ చూడటం, నోటి, రొమ్ము క్యాన్సర్ లక్షణాలు పట్టుకోవడం, గర్భిణుల చెకప్, డాక్టరు రాసిన మందులు నెలనెలా ఇవ్వడం మా పని. బీపీ మందు కొత్తగా మొదలుపెట్టడం, మార్చడం మా చేతుల్లో లేదు. ఈసంజీవని అనే ప్రభుత్వ యాప్‌లో డాక్టరుకి వీడియో కాల్ చేస్తాం, లేదంటే ఊరూరా తిరిగే 104 వైద్య బండిలో డాక్టరు వచ్చే రోజు చూపిస్తాం.

నా బాధ కూడా ఒకటి చెప్పుకోవాలి. రోజులో సగం ఫోన్లో ఎంట్రీలకే పోతోంది. బయట బెంచీ మీద ముసలమ్మలు కూర్చుని ఉంటారు, నేను యాప్ తెరుచుకోవాలని చూస్తుంటాను. ఆ సమయం వాళ్ళది.

మెళియాపుట్టి_కొండ
మా గూడెం సిస్టర్ సవర భాషలో "ఎక్కడ నొప్పి", "ఎన్నాళ్ళ నుంచి" అని అడగడం నేర్చుకుంది. అంతకుముందు మావాళ్ళు ఏం అడిగినా తలూపేవారు. ఇప్పుడు చెబుతున్నారు.

నరసన్నపేట_అమ్మాయి
నేను టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టిషనర్‌ని. ఈ పని అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. పిల్లలకి సరిపడా డాక్టర్లు లేని ఊళ్ళ కోసమే పుట్టింది. అంటే మన ఊళ్ళ కష్టమే. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు పర్యవేక్షణ లేకుండానే చూడొచ్చు. మా రాష్ట్రంలో మందు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాల్సిందే.

కానీ నర్సుగా చేశాక, పీజీలో జబ్బు గుర్తించడం, మందుల శాస్త్రం విడిగా చదివి, పరీక్ష రాసి ఇక్కడికొచ్చాను. మన సిస్టర్లకి ఆ చదువు ఇవ్వకుండా వేల మంది జనాభాని అప్పగిస్తున్నాం. శ్రీను గారి కోపం అక్కడికి వెళ్ళాలి. వాళ్ళని తీసేయమని కాదు, ఇంకా చదివించమని అడగాలి.

టెక్కలి_పద్మ
అందరికీ థాంక్స్ అండి. పండక్కి ఊరెళ్ళి అమ్మతో క్లినిక్‌కి వెళ్ళాను. సిస్టర్ వెంటనే బీపీ పట్టీ కట్టలేదు. ఐదు నిమిషాలు కూర్చోమంది. చెయ్యి బల్ల మీద పెట్టించి, మాట్లాడొద్దని చెప్పి రెండుసార్లు చూసింది. బీపీ పై అంకె 158, 156. అమ్మ రూళ్ళ నోటుబుక్కులో పాత అంకెలు వెనక్కి తిప్పి చూసి, "మూడు నెలలుగా ఇలాగే ఉంది, డాక్టరు గారితో మాట్లాడాలి" అని నా ముందే కాల్ చేసింది. మోతాదు ఆయనే పెంచారు. కిడ్నీ పరీక్ష సంగతి నేను అడిగాను, రాయించింది. ఊరగాయ రోజూ తింటోందని అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు, ఆవిడకి చెప్పింది.

వచ్చే బుధవారం 104 బండి వస్తుందట. పెద్దమ్మని కూడా తీసుకెళ్తాను. ఆవిడ ఇంతవరకు ఒక్కసారి కూడా బీపీ చూపించుకోలేదు.