హిప్పోక్యాంపస్ రెండు చివర్లలో పీపీఆర్ ఇంత తేడాగా ఎందుకు వస్తోంది?

స్లైస్_రెండోఏడు:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను, ఎలుక మెదడులో జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌ని పలుచగా కోసిన స్లైసుల మీద ఫీల్డ్ రికార్డింగులు (చాలా కణాల విద్యుత్ స్పందనని కలిపి కొలవడం) చేస్తున్నాను. సీఏ1 అనే భాగంలో, పక్కనున్న సీఏ3 నుంచి అక్కడికి వచ్చే షాఫర్ కొల్లాటరల్స్ అనే నరాల తీగలకి 50 మిల్లీసెకన్ల తేడాతో రెండు పల్సులిచ్చి, రెండో స్పందన స్లోప్‌ని (గీత వాలుని) మొదటిదానితో భాగించి పీపీఆర్ (పెయిర్డ్ పల్స్ రేషియో) తీస్తున్నాను. డోర్సల్ (పై) వైపు స్లైసుల్లో రెండో స్పందన ప్రతిసారీ చక్కగా పెరుగుతోంది. వెంట్రల్ (కింది) వైపు మాత్రం ఆ పెరుగుదల చాలా తక్కువ, కొన్ని స్లైసుల్లో దాదాపు లేనట్టే. వెంట్రల్ స్లైసులు కోసేటప్పుడే పాడైపోతున్నాయేమోనని మూడు వారాలుగా ఒకటే టెన్షన్. ఇది నా చేతి తప్పా, లేక నిజంగానే ఈ తేడా ఉందా? ఇంకో మాట, హిప్పోక్యాంపస్‌లోనే మరో భాగమైన డెంటేట్ గైరస్‌లో ఒకసారి పెట్టి చూస్తే రెండో స్పందన తగ్గిపోయింది కూడా. ఏం అర్థం కావట్లేదు.

ఫీల్డ్‌రికార్డర్:
కంగారు పడకండి, తేడా నిజమైనదే. ఎలుక సీఏ1లో డోర్సల్ కన్నా వెంట్రల్ వైపు ఫెసిలిటేషన్ (రెండో స్పందన పెరగడం) తక్కువని పాపథియోడొరోపౌలోస్, కోస్టోపౌలోస్ 2000లోనే చూపించారు. వెంట్రల్‌లో మొదటి పల్సుకే వెసికిల్ (సంకేత రసాయనం ఉండే చిన్న సంచి) విడుదలయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి రెండోదానికి పెరగడానికి చోటు తక్కువని దానికి సాధారణంగా చెప్పే వివరణ.

అయినా మీ స్లైసులు ఎలా కోస్తున్నారో చెప్పండి. డోర్సల్‌కి కొరోనల్‌గా (నిలువుగా), వెంట్రల్‌కి హొరిజాంటల్‌గా (నేలకి సమాంతరంగా) కోస్తే ఆ కోణం తేడానే మీకు ప్రాంతం తేడాలా కనిపించవచ్చు. హిప్పోక్యాంపస్ అరటిపండులా వంగి ఉంటుంది కదా, దాన్ని మొత్తంగా బయటికి తీసి, రెండు చివర్లలోనూ పొడవు అక్షానికి అడ్డంగా కోస్తేనే పోల్చడానికి వీలవుతుంది. ట్రేసు కూడా దగ్గరగా చూడండి. స్టిమ్యులస్ ఆర్టిఫాక్ట్ (పల్సు వల్లే పడే గీత) దాటగానే చిన్న ఫైబర్ వాలీ (నరాల తీగల సంకేతం), తర్వాత కిందికి దిగే గీత వస్తాయి. ఆ దిగే గీతలో ఎక్కడైనా పైకి నొక్కు పడితే పాపులేషన్ స్పైక్ (చాలా కణాలు ఒకేసారి ఫైర్ అవడం) కలిసిపోయినట్టే, అప్పుడు స్లోప్ లెక్క చెడిపోతుంది. వెంట్రల్ వైపు ఉద్రేకం ఎక్కువ కాబట్టి అక్కడ ఇది తొందరగా వస్తుంది. స్టిమ్యులస్ తగ్గించి, స్లోప్‌ని మొదట్లోనే కొలవండి.

మాసీ_ఫైబర్:
డెంటేట్ సంగతి నేను చెప్తాను, అది తప్పేం కాదు. మీ ఎలక్ట్రోడ్ మాలిక్యులర్ లేయర్ మధ్య మూడో వంతులో పడి ఉంటుంది. అక్కడుండేది మీడియల్ పర్ఫోరెంట్ పాత్ (డెంటేట్‌కి బయటి నుంచి సంకేతాలు తెచ్చే దారుల్లో ఒకటి), అది డిప్రెషన్, అంటే రెండో స్పందన తగ్గడం, చూపిస్తుంది. దాన్ని బయటి మూడో వంతుకి జరిపితే లాటరల్ పాత్ దొరుకుతుంది, అక్కడ అదే రెండో స్పందన పెరుగుతుంది. ఎలక్ట్రోడ్ ఏ పాత్‌లో ఉందో తేల్చుకోవడానికి మేమంతా ముందు ఈ తేడానే చూస్తాం.

ఇక డెంటేట్ నుంచి సీఏ3కి వెళ్లే మాసీ ఫైబర్ల దగ్గరికి వస్తే కథే వేరు. 20 సెకన్లకోసారి ఇచ్చే స్టిమ్యులస్‌ని సెకనుకోసారికి మార్చండి, సీఏ3లో స్పందన కొన్ని రెట్లు పెరుగుతుంది. అదే పని షాఫర్ కొల్లాటరల్స్‌కి చేస్తే పెద్దగా కదలదు. ఒకే సంకేత రసాయనం గ్లూటమేట్, ఒకే హిప్పోక్యాంపస్, పక్కపక్క సినాప్సులు (కణాలు కలిసే చోట్లు), అయినా ఇంత తేడా! ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కాల్షియం_ఎంఎం:
ఫీల్డ్‌రికార్డర్ గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క దగ్గర ఆగాలి. పీపీఆర్ తక్కువ అంటే విడుదల అవకాశం ఎక్కువ అని నేరుగా రాసేయడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. 2016లో జాక్‌మన్ బృందం సినాప్టోటాగ్మిన్ 7 అనే ప్రోటీన్ లేని ఎలుకల్లో చూసినప్పుడు, షాఫర్ కొల్లాటరల్, మాసీ ఫైబర్ సినాప్సుల్లో ఫెసిలిటేషన్ పోయింది కానీ మొదటి విడుదల అవకాశం మారలేదు. అంటే ఫెసిలిటేషన్‌కి సొంత యంత్రాంగం ఉంది, అది విడుదల అవకాశానికి తోకలా వచ్చేది మాత్రమే కాదు.

కాబట్టి ఒక పని చేయండి. వెంట్రల్ స్లైసులో బయటి కాల్షియం 2 మిల్లీమోలార్ నుంచి 1కి తగ్గించండి. స్పందన చిన్నదైపోతుంది, స్టిమ్యులస్ కాస్త పెంచుకోవచ్చు. అప్పుడు పీపీఆర్ పెరిగి డోర్సల్ స్థాయికి చేరితే విడుదల అవకాశం వివరణకి బలం వస్తుంది. మీరు ఇన్హిబిషన్‌ని (కణాలని అణచే సంకేతాలని) ఆపే పిక్రోటాక్సిన్ వాడుతున్నారా? ఇన్హిబిషన్ ఆపకపోతే రెండో స్పందనలో దాని వాటా కూడా ఉంటుంది, అది రెండు చివర్లలోనూ ఒకేలా ఉండాలని లేదు. పిక్రోటాక్సిన్ వేసే ముందు సీఏ3, సీఏ1 మధ్య కోత పెట్టండి, లేకపోతే సీఏ3 బర్స్టులు వచ్చి మొత్తం పాడు చేస్తాయి.

స్లైస్_రెండోఏడు:
అందరికీ చాలా థ్యాంక్స్. కోణం గురించి చెప్పింది అక్షరాలా నిజం, నేను చేస్తున్నది సరిగ్గా అదే, ఒకటి కొరోనల్, ఒకటి హొరిజాంటల్. పాత ట్రేసులు తెరిచి చూస్తే వెంట్రల్‌వాటిలో చాలా చోట్ల ఆ నొక్కు ఉంది, ఇన్నాళ్లూ నాయిస్ అనుకున్నాను. ఈ వారం నుంచి హిప్పోక్యాంపస్ మొత్తం తీసి రెండు చివర్లూ అడ్డంగా కోస్తాను, కోత పెట్టి పిక్రోటాక్సిన్ వేసి ముందు 2 మిల్లీమోలార్‌లో, తర్వాత 1లో చూస్తాను. ఒక్క సందేహం, కాల్షియం తగ్గించినప్పుడు మెగ్నీషియం పెంచి మొత్తం డైవాలెంట్లు (కాల్షియం, మెగ్నీషియం లాంటి రెండు ధనావేశాల అయాన్లు) సమానంగా ఉంచాలా?

కాల్షియం_ఎంఎం:
అవును, ఉంచండి. లేకపోతే కణాలు ఇంకా ఉద్రేకంగా మారతాయి, వెంట్రల్‌లో మళ్లీ ఆ నొక్కే ఎదురవుతుంది. ద్రావణం మార్చాక 20 నిమిషాలైనా ఆగి, స్పందన నిలకడగా ఉన్నాకే కొలవండి.