పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లలు: బడిలో ఏం చేయాలి?

హైస్కూల్_సైన్స్: 13, 14 ఏళ్ల పిల్లలు కర్చీఫ్‌లో సొల్యూషన్ పిండి పీలుస్తుంటే మొదట ఏం చేయాలండీ? ఇదే ఎందుకు పట్టుకుంటారు? మందులున్నాయా?

మానసిక_వైద్యం: చవక, ఎక్కడైనా దొరుకుతుంది. మత్తు క్షణాల్లో ఎక్కి త్వరగా దిగిపోతుంది కాబట్టి ఇంటికెళ్లేసరికి దొరికిపోరు. 2019 నాటి ఎయిమ్స్ సర్వేలో ఇలాంటి పీల్చే మత్తులు వాడేవారు పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువున్న మత్తు ఇదొక్కటే.

పీలుస్తూ కనబడితే వెంటపడొద్దు, అరవొద్దు. ఇందులోని టోలుయిన్ అనే ద్రావకం వల్ల గుండె అడ్రినలిన్‌కు అతిగా స్పందిస్తుంది. బెదిరి పరుగెత్తితే లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు, మొదటిసారి పీల్చినవాడికైనా సరే. నెమ్మదిగా మాట్లాడుతూ గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. తల్లిదండ్రులతో కలిపి కొన్ని నెలల కౌన్సెలింగే చికిత్స. ఎడిహెచ్‌డి (ఏకాగ్రత కుదరక, అతిచురుకుగా ఉండే సమస్య), దిగులు ఉన్నాయేమో చూసి వాటికి వైద్యం చేయాలి.

కౌన్సెలర్_గుంటూరు: ఒక మాట చేరుస్తాను. మామూలు మూత్ర పరీక్ష కిట్‌లో టోలుయిన్ తేలదు, నెగటివ్ చూసి మురిసిపోకండి. మానేసిన మొదటి రోజుల్లో చిరాకు, నిద్రలేమి, తలనొప్పి వస్తాయి. అవి చూసి మళ్లీ మొదలెట్టాడని ఇంట్లోవాళ్లు కొడతారు, కేసు చెడేది అక్కడే. టీసీ చేతిలో పెట్టి పంపేస్తే ఇంకా దారుణం, రోజంతా ఖాళీ.

హైస్కూల్_సైన్స్: వైట్‌నర్ కూడా ఇలాగే పీలుస్తారు, అది నిషేధం కదా?

కౌన్సెలర్_గుంటూరు: సీసాల్లో చిల్లర అమ్మకాన్ని 2012లో ఆపారు, పెన్నులు ఉన్నాయి. సొల్యూషన్ ట్యూబుకు అదీ లేదు. షాపతనితో మాట్లాడటమే దారి. సలహాకు 14446, ఉచితం.