"నన్నెవరూ లెక్కచెయ్యరు" అనేవాళ్లకి వాక్యం ఎలా చెప్పాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ వందనాలు. వచ్చే శుక్రవారం కొరిటెపాడులో స్త్రీల సమాజం గృహ కూడిక ఉంది. పదిహేను నిమిషాలు వాక్యం నేను చెప్పాలి. వచ్చేది ఇరవై మంది లోపే. పిల్లలు అమెరికా వెళ్లిపోయి ఒంటరిగా ఉంటున్న పెద్దమ్మలు, చదువు రాదని సంఘంలో ఏ పనీ అప్పజెప్పని అక్కలు, మార్కులు తగ్గి ఇంట్లో రోజూ మాటలు పడుతున్న ఇద్దరు ఇంటర్ ఆడపిల్లలు. అందరి ప్రార్థన విన్నపాల్లోనూ ఒకటే బాధ: మమ్మల్ని పట్టించుకునేవాళ్లు లేరు అని. యిర్మీయా 29:11 (మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే వచనం) చదివి, గొర్రెల కాపరి నుంచి రాజైన దావీదు గురించి చెప్పి, "దేవుడు మిమ్మల్నీ హెచ్చిస్తాడు" అని ముగిద్దామనుకుంటున్నాను. సరిపోతుందా?

జవాబు 1 (పటమట, విజయవాడ)

సిస్టర్, వందనాలు. 11వ వచనం ఎత్తుకునే ముందు పైన 10వ వచనం చూడండి. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం, అక్కడ 70 సంవత్సరాలు గడవాలని అందులో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అది వదిలేసి 11 ఒక్కటే చదివితే, డెబ్బై ఏళ్ల అమ్మగారు వచ్చే నెలలోనే ఏదో మారిపోతుందని ఆశ పెట్టుకుంటారు. మారకపోతే తన విశ్వాసంలోనే లోపం ఉందనుకుంటారు. మనం చేసే పెద్ద నష్టం అదే.

దావీదు కథ కూడా చాలామంది సగంలోనే ఆపేస్తారు. కాబోయే రాజును అభిషేకించడానికి ప్రవక్త సమూయేలు వస్తే, తండ్రి యెష్షయి ఏడుగురు కొడుకుల్ని అతని ముందు నడిపించాడు, ఎనిమిదోవాడైన దావీదును పిలవనే లేదు. ఇంతవరకు అందరూ చెప్తారు. నూనె పోశాక ఏమైంది? 1 సమూయేలు 16:19లో అప్పటి రాజు సౌలు కబురు పంపేసరికి దావీదు మళ్లీ గొర్రెల దగ్గరే ఉన్నాడు. 17:28లో పెద్దన్న ఏలీయాబు యుద్ధభూమిలో అందరి ముందూ "ఆ చిన్న గొర్రె మందను ఎవరికి వదిలి వచ్చావు" అని కసిరాడు. అభిషేకం అయిపోయినా ఇంట్లో చిన్నచూపు పోలేదు. రాజయ్యేసరికి 30 ఏళ్లు (2 సమూయేలు 5:4). మీ కూటంలో వాళ్లకి పనికొచ్చేది ఈ భాగం. దేవుడు ఎరిగి ఉండడం వేరు, మనుషులు గుర్తించడం వేరు. మొదటిది ఈరోజే నిజం. రెండోది ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో మనం మాట ఇవ్వకూడదు.

"నిన్ను తక్కువగా చూసినవాళ్లే నీ ముందు తలవంచుతారు" అనే మాట మాత్రం వద్దు. అది వింటే కోడలి మొహమో ఆడపడుచు మొహమో కళ్ల ముందు మెదులుతుంది. ప్రార్థన కాస్తా పగ అవుతుంది.

జవాబు 2 (నల్లపాడు, సండే స్కూల్ టీచర్)

అమ్మా, స్త్రీల కూటానికి నేనైతే హాగరును తీసుకుంటాను. ఆమె అబ్రాము భార్య శారయికి దాసి, ఆమె పెట్టే బాధ పడలేక పారిపోయింది. ఆదికాండము 16 నెమ్మదిగా చదవండి. శారయి గానీ అబ్రాము గానీ ఆమెను పేరుపెట్టి పిలవరు. "నా దాసి", "నీ దాసి" అంటారు. అరణ్యంలో నీటి ఊట దగ్గర దూత మాత్రం 8వ వచనంలో "హాగరూ" అని పిలిచి, ఎక్కడినుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతాడు. 13వ వచనంలో ఆ దాసీయే దేవునికి పేరు పెడుతుంది: "చూచుచున్న దేవుడవు నీవే". అక్కడ ఒక్క క్షణం ఆగండి, హడావుడిగా వివరించొద్దు.

ఒక జాగ్రత్త. 9వ వచనంలో యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లమని ఉంది. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీ అక్కడ కూర్చుని ఉంటే, తననీ అలాగే పడి ఉండమంటున్నారని అనుకుంటుంది. అది హాగరుకు ఆ సమయంలో చెప్పిన మాట, 21వ అధ్యాయంలో ఆమె తిరిగి వెళ్లలేదు అని నోరు విప్పి చెప్పండి. అవసరమైనవాళ్లకి మహిళా హెల్ప్‌లైన్ 181 ఉందని కూడా.

సమయం: చదవడానికి రెండు నిమిషాలు, హాగరుకు ఏడు, యెషయా 49:14–16కు మూడు, మౌన ప్రార్థనకు మూడు. యెషయాలో 14 మానేయొద్దు. "ప్రభువు నన్ను మరచియున్నాడు" అన్న సీయోను (యెరూషలేము) మాట విన్నాకే "నేను నిన్ను మరువను" అనేది గుండెకు తగులుతుంది. రెండే రిఫరెన్సులు చాలు. ఎనిమిది చెప్తే కళ్లజోడు సర్దుకుని పేజీలు తిప్పడంతోనే పెద్దమ్మల పని అయిపోతుంది. చదువు రాని అక్కలకు ముందురోజే వాటిలో ఒక్క వాక్యం నోటికి నేర్పి, కూటంలో వాళ్లచేతే చెప్పించండి. నిజానికి మీ ప్రసంగం కన్నా ఇదే ముఖ్యం.

గుంటూరు ఉదాహరణ కావాలంటే అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్. 1883లో ఇక్కడికి వచ్చినప్పుడు మిషన్ ఆమెను పంపింది డాక్టరుగా కాదు, జెనానాల్లో (ఇంట్లో ఆడవాళ్లు ఉండే భాగాల్లో) బోధించడానికి. వైద్య మిషనరీగా నియామకం 1885లో, ఆసుపత్రి తెరిచింది 1898లో. ఒక్క నిమిషం మించొద్దు. వినేవాళ్లకి ఆమె చదువు లేదు, పోలిక ఎక్కువైతే నీరసం వస్తుంది.

జవాబు 3 (సింగ్‌నగర్, విజయవాడ)

ఆ ఇద్దరు ఆడపిల్లల సంగతి విడిగా చూడండి. చచ్చిపోతే బాగుండునని 1 రాజులు 19:4లో ప్రవక్త ఏలీయా అన్నప్పుడు దూత ముందు చేసింది ఉపదేశం కాదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్లూ ఇచ్చాడు, అదీ రెండుసార్లు. పిల్లలు సరిగ్గా తింటున్నారా, పడుకుంటున్నారా అని కూటం అయ్యాక పక్కకు పిలిచి అడగండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు. ప్రార్థనా చెయ్యండి, ఫోనూ చేయించండి. "విశ్వాసం ఉంటే దిగులు రాదు" అని ఎవరైనా అంటే 13వ కీర్తన మొదటి వచనం చూపించండి, ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణి అడిగే మాట అది.

పెద్దమ్మలకు వారం మధ్యలో ఒక ఫోను కావాలి. ఎవరు ఎవరికి ఏ రోజు చెయ్యాలో శుక్రవారమే కాగితం మీద రాయండి, ఒక్కొక్కరికి ఇద్దరే. అందరూ అందరికీ చేద్దామంటే రెండో వారానికి ఎవరూ చెయ్యరు. గుడికి రాలేనివాళ్ల పేర్లు పాస్టరు గారికిచ్చి, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇంటికి తేగలరా అని అడగండి.

ప్రశ్న అడిగినవారు

చాలా వందనాలు. యిర్మీయా వదిలేసి హాగరు తీసుకుంటున్నాను. ఫోన్ల జాబితాలో ఆ ఇద్దరు పిల్లల్ని కూడా పెట్టొచ్చా?

జవాబు 3

పెట్టండి, అయితే ఫోను అందుకునేవాళ్లుగానే కాదు, చేసేవాళ్లుగా కూడా. ముందు వాళ్లని అడగండి, ఒప్పుకుంటే ఒక్కొక్కరికి ఒక పెద్దమ్మ నంబరు ఇవ్వండి. పరీక్షల నెలలో మాత్రం ఆ బాధ్యత వేరేవాళ్లకి మార్చండి.