సెప్టెంబరు తీర శుభ్రత, మధ్యాహ్న భోజనం: ఎవరెవరు ఏమేం చేస్తున్నారు?

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. సెప్టెంబరు మూడో శనివారం ఉదయం మన ఫ్లోరిడా తీరంలోని మిక్లర్స్ లాండింగ్‌లో ఒడ్డు శుభ్రం చేద్దాం, మధ్యాహ్నం మన కాలనీ క్లబ్‌హౌస్‌లో కలిసి భోంచేద్దాం. అంతర్జాతీయ తీర శుభ్రతా దినం ఆ రోజే. 1986లో టెక్సాస్ తీరంలో మొదలైన ఈ కార్యక్రమంలో ఏరిన ప్రతి వస్తువునూ లెక్క రాయాలి. అందుకని సంచులు మోసేవాళ్లే కాదు, రాసేవాళ్లూ కావాలి.

హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. అందులోనూ సెప్టెంబరే గట్టి నెల. తుపాను దారి మన వైపు తిరిగితే కార్యక్రమం అక్టోబరు మొదటి శనివారానికి మారుతుంది. ఆ కబురు గురువారం రాత్రికల్లా ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా కూరగాయలు కొనకండి.

వంటల బాధ్యత: పులిహోర, దద్దోజనం, గుత్తివంకాయ, పప్పు మేం చూసుకుంటాం. మిరపకాయ బజ్జీలు అడుగుతున్నవారికి ముందే చెబుతున్నాను: క్లబ్‌హౌస్ వరండాలో గ్యాస్ పొయ్యి పెట్టడానికి మన కాలనీ ఇళ్ల యజమానుల సంఘమైన హెచ్‌ఓఏ ఒప్పుకోలేదు. నాకైతే వాళ్ల మాటే సబబుగా ఉంది, ఆ గాలికి మంట నిలవదు. ఇంకొకటి, పొద్దుటంతా చెత్త ఏరి వచ్చి థర్మాకోల్ పళ్లేల్లో తినడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఎవరి కంచం, గ్లాసు వాళ్లే తెచ్చుకోండి. మరిచినవాళ్లకు మా ఇంటి స్టీలు కంచాలు ఇస్తాను, కానీ తిన్నాక వాళ్లే కడగాలి.

కొత్త సభ్యుడు: మంచి ఆలోచన వదినా. నాదొక సూచన. వినాయకుడి నిమజ్జనం కూడా ఆ రోజే పెట్టుకుంటే బాగుంటుంది కదా? సముద్రం కుదరకపోతే మన క్లబ్‌హౌస్ వెనక చెరువు ఉండనే ఉంది.

చెరువు పక్క ఇల్లు: తమ్ముడూ, అది చూడటానికే చెరువు. మన ఇళ్ల కప్పుల మీద, రోడ్ల మీద పడిన వాన నీరు నిలవడానికి తవ్విన గుంట అది. వీధి చివర జాలీలో ఏది పడినా అక్కడికే చేరుతుంది, అక్కడి నుంచి పొంగి చిత్తడి నేలల మీదుగా సముద్రపు పాయలోకి పోతుంది. రంగులు, పూలు, పత్రి అందులో వేస్తే నాచు పట్టి కంపు కొడుతుంది, ఆ వాసన ముందు తగిలేది మా ఇంటికే. పైగా అందులో మొసళ్ల జాతి ఎలిగేటర్ ఒకటి తిరుగుతోంది. సాయంత్రం పూట పిల్లలతో గట్టు దిగడం మాట దేవుడెరుగు, నేను కుక్కను కూడా అటు తీసుకెళ్లను. దానికి మేత వేయడం ఫ్లోరిడాలో నేరం కూడా, ఉండ్రాళ్లయినా సరే.

సమన్వయకర్త: సముద్రంలోనూ వద్దు. శుభ్రం చేయడానికి వెళ్లి మనమే కలిపి రావడం బాగుండదు. రంగులు వేయని మట్టి విగ్రహాలైతే క్లబ్‌హౌస్ పెరట్లో పెద్ద తొట్టిలో నిమజ్జనం చేద్దాం. కరిగిన మట్టి పూల మొక్కలకు పోద్దాం. తొట్టి ఎవరిదగ్గర ఉంది?

పిల్లల బృందం: మా గ్యారేజీలో ఉంది, తెస్తాను. పిల్లల సంగతి ముందే చెప్పాలి. మిక్లర్స్‌లో సొరచేపల పళ్ల శిలాజాలు దొరుకుతాయి. అరగంట దాటితే లెక్క రాయడం మానేసి అందరూ వాటి వెంటే పడతారు, పెద్దవాళ్లతో సహా. అందుకే పళ్ల వేటకు చివరి అరగంట కేటాయించాను.

ఒడ్డున పాటించాల్సినవి కూడా రాస్తున్నాను. ఇక్కడ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం మే 1 నుంచి అక్టోబరు 31 దాకా, కాబట్టి మనం వెళ్లేటప్పటికి పిల్లలు బయటికి రాని గూళ్లు ఇంకా ఉంటాయి. కర్రలు పాతి టేపు కట్టిన చోటికి ఎవరూ వెళ్లొద్దు. ఇసుకలో తవ్విన గుంటలు పూడ్చి రావాలి, అందులో పడిన తాబేలు పిల్ల పైకి రాలేదు. ఇసుక దిబ్బల మీద నడవొద్దు, చెక్క దారి మీదే నడవాలి. ఆ దిబ్బల మీద పెరిగే సీ ఓట్స్ గడ్డి కోయడం చట్టవిరుద్ధం. 2016లో మాథ్యూ, 2022లో ఇయన్, నికోల్ తుపానులు ఈ కౌంటీ ఒడ్డును ఎంతగా కోసేశాయో పాత సభ్యులు చూశారు. మిగిలిన దిబ్బలను పట్టి ఉంచేది ఆ గడ్డి వేళ్లే.

చెరువు పక్క ఇల్లు: విశాఖ నుంచి వచ్చిన మా అత్తగారు ఇది విని, "మా దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతాకాలంలో వస్తాయి, ఇక్కడివి ఎండాకాలంలోనా?" అని ఆశ్చర్యపోయారు. అక్కడ అటవీ శాఖవాళ్లు గుడ్లు సేకరించి కంచె లోపల పొదిగించడం ఆవిడ చూశారట. ఒడ్డుకు తానూ వస్తానంటున్నారు. మడత కుర్చీ ఒకటి కావాలి.

నిర్వహణ బాధ్యత: కుర్చీ నేను తెస్తాను. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల ఇళ్లకు ఆదివారం సాయం చేద్దామని నా ప్రతిపాదన. చూరు గొట్టాల్లో పైన్ ఆకులు తీయడం, ఇంటి ముందు జాలీ మీద చెత్త ఎత్తడం, ఏసీ బయటి పెట్టె మీద పేరుకున్న ఉప్పును మంచినీళ్లతో కడగడం, అంతే. కడిగే ముందు ఏసీ కరెంటు ఆపాలి. నిచ్చెన ఎక్కేవాళ్లకు కింద పట్టుకునే మనిషి తప్పనిసరి.

తుపాను గాలికి కిటికీలకు అడ్డుగా షట్టర్లు పెట్టుకోవచ్చా అని అడిగినవారికి: 2024లో ఫ్లోరిడాలో వచ్చిన చట్టం ప్రకారం, ముందే నిర్ణయించిన ప్రమాణాలకు తగ్గట్టు ఉండే తుపాను రక్షణ ఏర్పాట్లను హెచ్‌ఓఏ కాదనడానికి వీల్లేదు. ఆ ప్రమాణాల కాగితం ఆఫీసులో అడిగి తీసుకుని, అది చూశాకే కొనండి.

వంటల బాధ్యత: దీపావళి లైట్ల సంగతి కూడా తేల్చండి అన్నయ్యా. కిందటేడు తీయలేదని మాకు నోటీసు వచ్చింది.

నిర్వహణ బాధ్యత: అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం ప్రకారం, పండుగ లైట్లు గడువు దాటినా నోటీసు ఇచ్చి వారం రోజులు ఆగకుండా జరిమానా వేయకూడదు. వారంలో తీసేస్తే సరి. కానీ అక్టోబరులో దీపావళి వచ్చిన ఏడాది ఒడ్డుకు ఎదురుగా ఉన్న ఇళ్లవాళ్లు వీధి వైపే దీపాలు పెట్టాలి. గుడ్డు నుంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగు ఎటుంటే అటే పాకుతాయి.

సమన్వయకర్త: సరే, అలాగే కానిద్దాం. చేతి తొడుగులు, సంచులు, లెక్క కాగితాలు నా కారులో ఉంటాయి. ఆటు సమయం చూసి బయలుదేరే గంట బుధవారం చెబుతాను. క్లబ్‌హౌస్ తాళం శుక్రవారం సాయంత్రం నా దగ్గరే తీసుకోండి. మజ్జిగకు పెరుగు ఎవరు తెస్తున్నారో మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు.