పాత ఇంటి సామాను స్థితిని ఇంగ్లీషులో రాయడం ఎలా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

చంద్రగిరి దగ్గరి పల్లెలో ఉన్న మా తాతగారి మిద్దె ఇంటిని అన్నదమ్ముల పిల్లలం పంచుకోవాలని నిర్ణయించుకున్నాము. మాలో ఇద్దరు విదేశాల్లో స్థిరపడ్డారు. వారి పిల్లలకు తెలుగు చదవడం రాదు కనుక, ఇల్లూ అందులోని సామానూ ఏ స్థితిలో ఉన్నాయో గదుల వారీగా ఇంగ్లీషులో రాసి పంపే పని నా మీద పడింది. తీరా రాయబోతే ‘ఓల్డ్’, ‘డ్యామేజ్డ్’ తప్ప మరో మాట తోచడం లేదు. ఒక దూలానికి చెదలు పట్టింది, వంటింటి గోడ పెచ్చులూడుతోంది, ఇనుప పెట్టె తుప్పు పట్టింది, రాగి బిందెకు పచ్చగా చిలుమెక్కింది, మా అవ్వ పట్టుచీరలు మడతల దగ్గర చిరుగుతున్నాయి. అన్నింటికీ ఒకే మాట రాస్తే ఏది బాగు చేయించుకోదగినదో, ఏది పారవేయవలసినదో చదివేవారికి తెలియదు. మొత్తం ఇంటిని ‘డైలాపిడేటెడ్’ అనవచ్చునా? మా చిన్నత్త ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు. వీధి వైపు గదిని ఒక దుకాణానికి అద్దెకిచ్చాము.

జవాబు (ఇంగ్లీషు అధ్యాపకురాలు, చిత్తూరు)

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నదండీ. తెలుగులో మీరు ఒక్కచోట కూడా ‘పాడైపోయింది’ అని సరిపెట్టలేదు; చెదలు, పెచ్చులు, తుప్పు, చిలుము అని దేనికి దాని మాట వాడారు. ఇంగ్లీషు కూడా అంతే. ఏ వస్తువుకు ఏమి జరిగిందో ముందు తెలుగులో అనుకుని, ఆ తరువాత మాట వెతకండి.

చెదలు తిన్న కొయ్య ‘టెర్మైట్ ఈటెన్’, వానకు నాని చివికిన కొయ్య ‘రాటెన్’. ‘డ్రై రాట్’ అనే మాట కనబడితే మోసపోకండి. పేరులో పొడితనం ఉన్నా అది తేమ తగిలిన కొయ్యకు పట్టే ఒక రకం శిలీంధ్రం. చెదలకు ఆ మాట చెల్లదు. ‘రస్ట్’ ఇనుముకూ ఉక్కుకూ మాత్రమే. రాగి మీది పచ్చని చిలుముకు ‘వర్డిగ్రీ’ అనే మాట ఉంది. పైపైన మెరుపు తగ్గి, చింతపండుతో తోమితే మళ్లీ తేరుకునే ఇత్తడి సామానును ‘టార్నిష్డ్’ అంటే చాలు. లోహం తినివేయబడి గుంటలు పడితే, అది ఏ లోహమైనా ‘కరోడెడ్’ అనాలి. కడిగితే పోయే మకిలికీ, ఇక తిరిగిరాని నష్టానికీ ఉన్న తేడా ఈ రెండు మాటల్లోనే తెలుస్తుంది. పాత్రల లోపల కళాయి పోయి ఉంటే ఆ సంగతి విడిగా రాయండి, ఎందుకంటే కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు వండకూడదని ఆ పిల్లలకు తెలియకపోవచ్చు.

జవాబు (భవన నిర్మాణ ఇంజినీరు, తిరుపతి)

ఇంటి సంగతి నేను చెబుతాను. ‘డైలాపిడేటెడ్’ అంటే చాలాకాలం పట్టించుకోనందువల్ల కూలే దశకు చేరినదని చదివేవారు అర్థం చేసుకుంటారు. కొనేవాడి చేతిలో ఆ ఒక్క మాట పడితే ధర అక్కడే దిగిపోతుంది. ‘డెరెలిక్ట్’ అయితే మరీ తప్పు. అది యజమానులు వదిలేసిన పాడుబడిన ఇంటికి వాడేది, మీ అత్తగారు అందులో కాపురముంటున్నారు కదా. చంద్రగిరి కోటకే వెళ్లి చూడండి: కూలిన గోడలున్న చోట్లను ‘రూయిన్స్’ అనవచ్చు, కానీ రాయి, ఇటుక, సున్నంతో కొయ్య వాడకుండా కట్టిన రాజమహల్ నేటికీ నిలిచి ఉండి, పురావస్తు ప్రదర్శనశాలగా ఉపయోగపడుతున్నది. దానిని ఎవరూ ఆ మాట అనరు. పాతదైనంత మాత్రాన శిథిలమైనది కాదు.

కనుక మొత్తం ఇంటికి ‘ఇన్ నీడ్ ఆఫ్ రిపేర్’ అని రాసి, తరువాత భాగాల వారీగా వెళ్లండి. రంగో సున్నమో పొరలుగా రాలితే ‘పీలింగ్’, ‘ఫ్లేకింగ్’ అనండి. ఇటుక ముఖమే పెచ్చులుగా ఊడితే ‘స్పాలింగ్’. గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తే దానిని ‘ఎఫ్లోరెసెన్స్’ అంటారు, లోపల తేమ ఉన్నదనడానికి అది గుర్తు. అన్నిటికన్నా ముఖ్యం దూలం. చెదలు పట్టిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మొన సులువుగా దిగితే లోపల డొల్ల అయిందన్నమాట. దూలం మధ్యలో కిందికి వంగి ఉంటే ‘సాగింగ్’ అనే మాటను తప్పక రాయండి. అక్కడ మెత్తని మాట వాడి దాచడం మీ అత్తగారికే ప్రమాదం.

జవాబు (న్యాయవాది, తిరుపతి)

అద్దె గది గురించి ఒక్క మాట. అక్కడ ‘డ్యామేజ్’, ‘వేర్ అండ్ టేర్’ వేరువేరుగా రాయండి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, అద్దెదారు ఆస్తిని తాను తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. అయితే సహజమైన వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు అతని బాధ్యత లేదు. నడిచి నడిచి అరిగిన గచ్చు అరుగుదల, బరువు పడేసి పగలగొట్టిన గచ్చు నష్టం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. దూలాన్ని పొడిచి చూసిన తరువాతే ఆ భాగం రాస్తాను. చీరల సంగతి మాత్రం మిగిలింది. ‘టోర్న్’ అంటే చాలునా?

జవాబు (ఇంగ్లీషు అధ్యాపకురాలు, చిత్తూరు)

చాలదండీ, ‘టోర్న్’ అంటే ఎక్కడో తగులుకుని చిరిగినట్టు ఉంటుంది. మడత పొడవునా పట్టు విడిపోయిందని తెలియాలంటే ‘స్ప్లిట్ అలాంగ్ ద ఫోల్డ్స్’ అని రాయండి. పోగులు లేచిన కొంగును ‘ఫ్రేడ్’ అంటారు, రంగు వెలిసినదానిని ‘ఫేడెడ్’ అంటారు. వెండి జరీ నల్లబడితే అక్కడ కూడా ‘టార్నిష్డ్’ అనే మాటే పనికివస్తుంది. చీర పోయినా అంచు గట్టిగా ఉన్నట్లయితే ‘బార్డర్ ఇంటాక్ట్’ అని తప్పక చేర్చండి. ఆ అంచును విడదీసి కొత్త చీరకు వేయించుకోవాలనుకునే ఆడపిల్లలు మీ పట్టికలో ముందుగా వెతికేది దానినే.