గోండొలిన్ డయోరమా: ద్వారాలు ఒక కథలో, వీధులు ఇంకో కథలో. ఎలా కలపాలి?

పటాలపిచ్చి:
టోల్కీన్ కథల్లోని బెలెరియాండ్ అనే ప్రాంతంలో ఎల్ఫుల రహస్య నగరం గోండొలిన్. దాన్ని టేబుల్ మీద ఆటకి పట్టేలా డయోరమాగా (చిన్న నమూనాగా) కట్టాలి. ఆటలో కథాకాలం నగరం కూలే రాత్రి, మొదటి యుగం 510. ఏడు ద్వారాలు, లోపలి వీధులు, రాజు టుర్గోన్ కూతురు ఇద్రిల్ తవ్వించిన రహస్య మార్గం చూపించాలి. ఒక్కో సైటు ఒక్కోలా చెబుతోంది. బాల్రోగ్‌లు (నిప్పు రాక్షసులు) ఒకచోట వందల్లో ఉంటే, ఇంకోచోట ఏడుకి మించరు. దేన్ని పట్టుకోవాలి?

తుమ్లాదెన్‌వాసి:
రెండు మూలాలను తెలియకుండా కలిపేయడం వల్లే ఈ గందరగోళమంతా. 1916-17లో రాసిన తొలి కథలో వీధులు, కూడళ్లు, వంశాల చిహ్నాలు, ఆ రాత్రి యుద్ధం అన్నీ వివరంగా ఉన్నాయి. 1951 ప్రాంతంలో టోల్కీన్ మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు. 'అన్‌ఫినిష్డ్ టేల్స్'లో (1980) అచ్చయిన ఆ కథ, బయటి నుంచి వచ్చిన మనిషి టువోర్ చివరి ద్వారం దాటి నగరాన్ని చూసేసరికే ఆగిపోయింది. కాబట్టి ద్వారాలకు రెండోది, ఊరి లోపలికి మొదటిది. అతుకు తప్పదు. దాన్ని ద్వారం దాటాక తుమ్లాదెన్ మైదానం మొదలయ్యే చోట పెట్టండి. అది ఒకప్పటి సరస్సు అడుగు కాబట్టి నేల చదునుగా ఉండాలి, గుట్టలు పెట్టకండి. మధ్యలో అమోన్ గ్వారెత్ కొండ, దాని మీద నగరం.

మైదానం చుట్టూ ఉన్న కొండల్లోని ఇరుకు లోయలో పైకి వెళ్తుంటే ద్వారాల వరుస ఇదీ: కొయ్య, రాయి, కంచు, ఇనుము, వెండి, బంగారం, ఉక్కు. రాతి ద్వారం తలుపు కాదు, ఇరుసు మీద తిరిగే ఒకే బండ. కంచుదానికి గోడ మీద రాగి కప్పిన మూడు చదరపు బురుజులు. ఇనుపదాని మీద గద్దల రాజు థొరోన్‌డోర్ బొమ్మ. వెండిదాని మీద తెల్లచెట్టు టెల్పెరియన్, బంగారుదాని మీద బంగారుచెట్టు లౌరెలిన్. ఈ రెండు చెట్లనూ తారుమారు చేసిన బొమ్మలు చాలానే కనిపిస్తాయి.

బాల్రోగ్‌ల సంగతి: గుంపులు తొలి కథవి. మూడు, మహా అయితే ఏడు అన్నది టోల్కీన్ తర్వాత రాసుకున్న గమనిక. బల్ల మీద ఏడే బాగుంటాయి. శత్రుసైనికులైన ఓర్కులను కడుపులో మోసుకొచ్చే ఇనుప సర్పాలు కూడా తొలి కథవే. చూడ్డానికి అదిరిపోతాయి గానీ, తర్వాతి ద్వారాల పక్కన అవి అతకవని నా అభిప్రాయం.

ఉక్కుతీగ:
ఉక్కు ద్వారం దగ్గరే చాలామంది మోడల్ పాడవుతుంది. అటూ ఇటూ ఏడంతస్తుల గుండ్రటి బురుజులు, వాటి మధ్య కంచె. ఏడు స్తంభాలు, స్తంభాల మధ్య ఏడు అడ్డకమ్మీలు, ప్రతి ఖాళీలో ఏడేళ్లు నలభై తొమ్మిది నిలువు చువ్వలు. ఏడు స్తంభాలకు ఖాళీలు ఆరే, అంటే 294 చువ్వలు. ఖాళీ 3 సెం.మీ. పెడితే చువ్వకు చువ్వకు దూరం 0.6 మి.మీ. వస్తుంది. 0.5 తీగ వాడితే కంచె కాస్తా గోడలా మూసుకుపోతుంది. 0.3 తీగ తీసుకోండి, లేదా ఖాళీని 5 సెం.మీ.కి పెంచండి. ఒక్కో చువ్వ జిగురుతో అతికిస్తే వరుస వంకరపోతుంది. అడ్డకమ్మీలు ముందు బిగించి, పైనుంచి దించాలి. నడి స్తంభం మిగతావాటికన్నా పెద్దది, దాని మీద టుర్గోన్ శిరస్త్రాణం.

ఇంకొకటి. ఈ ద్వారాన్ని టుర్గోన్ మేనల్లుడు మైగ్లిన్ కట్టింది, ఎల్ఫులు ఘోరంగా ఓడిన 472 నాటి నిర్నాయిత్ యుద్ధం తర్వాతే. మీది 510 కాబట్టి ఇబ్బంది లేదు. అంతకుముందు కాలం ఆట అయితే ఆరే ద్వారాలు.

పటాలపిచ్చి:
అయితే శత్రువులు ఈ ద్వారాల గుండానే లోపలికి రావాలా?

తుమ్లాదెన్‌వాసి:
కాదండీ. 495లో టువోర్ వచ్చి హెచ్చరించినా నగరం వదలనన్న టుర్గోన్, కొండల్లోని రహస్య ద్వారాన్ని మూయించేశాడు. చీకటి ప్రభువు మోర్గోత్ సేన ఉత్తరాన, కొండలు మరీ ఎత్తుగా ఉండి కాపలా పలచగా ఉన్న చోట దాటి వస్తుంది. అది పండుగ రాత్రి. జనం గోడల మీద సూర్యోదయం కోసం ఎదురుచూస్తుంటారు. కాబట్టి బొమ్మలను వీధుల్లో కాకుండా గోడ మీద ఎక్కువగా నిలబెట్టండి.

ఇద్రిల్ సొరంగం మైదానం కిందుగా పోయి అమోన్ గ్వారెత్‌కి ఉత్తరాన తేలుతుంది. అక్కడి నుంచి కిరిత్ థొరోనాథ్ కనుమ: పారిపోయేవాళ్లకు కుడివైపు నిలువు కొండగోడ, ఎడమవైపు లోయ. బాట ఇరుకుగా ఉండాలి. నగర వీరుడు గ్లోర్‌ఫిండెల్, ఒక బాల్రోగ్ కలియబడి కింద పడేది అక్కడే.