మడిచి ఫ్రేమ్ కట్టిన ఫోటో: విప్పాలా, వద్దా?

కవిటి మనవరాలు
గోడమీది పాత ఫోటో అద్దం పగిలితే మార్పిద్దామని విప్పాం. పావు వంతు ఫోటో వెనక్కి మడిచి ఉంది! వెనక పెన్సిల్‌తో "రంగూన్, 1938" అని రాసుంది. తాతయ్య, పక్కన పెద్దతాత. పెద్దతాత చెయ్యి మణికట్టు దగ్గర ఫ్రేమ్‌లోకి మాయమైపోయేది, చిన్నప్పటినుంచీ అలాగే చూశాం. ఆ చెయ్యి ఒక పాప భుజం మీద ఉంది. పాప పక్కన, కొప్పులో పువ్వు పెట్టుకున్న బర్మా ఆవిడ.

1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక తాతయ్య అరకాన్ దారిన నడిచి వచ్చేశారు. పెద్దతాత రాలేదు, కబురూ లేదు. ఇక్కడ ఆయన భార్య, మా పెద్దనానమ్మ, 1999లో పోయేదాకా బొట్టు తీయలేదు. మా నాన్నని పెంచింది ఆవిడే. మడిచిందీ ఆవిడేనని అత్తయ్య అంటోంది.

విప్పి కట్టిద్దామని నేను, వద్దని అన్నయ్య. మడత దగ్గర పూత రాలిపోతోంది, త్వరగా తేల్చుకోవాలి.

రాజాం మాస్టారు
మీ అన్నయ్యే కరెక్టమ్మా. అరవై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి మడిచిన మడత అది. విప్పే హక్కు మనకెక్కడిది? అసలు ఆవిడ ఫోటో మీ గోడమీద ఉందా?

కవిటి మనవరాలు
హక్కు సంగతి నేనూ ఆలోచించానండీ. ఇంట్లో కత్తెర లేక కాదు కదా. కత్తిరించలేదు, మడిచింది. పాప మొహం మీద గీత కూడా పడకుండా మడిచింది.

బర్మా క్యాంపు, విశాఖ
1964లో బర్మా ప్రభుత్వం కొట్లు జాతీయం చేశాక మా నాన్నగారు ఓడెక్కి విశాఖ వచ్చారు. ఆయన తల్లి బర్మా ఆవిడే. తండ్రిది టెక్కలి దగ్గర ఊరని వెతుక్కుంటూ వెళ్తే, "అలాంటివాళ్ళెవరూ మాకు లేరు" అని గుమ్మంలోంచే పంపేశారట. పోయేదాకా ఆ మాట చెప్పుకుని బాధపడ్డారు. ఆ పాప మీకు అత్తమ్మా. విప్పండి.

కవిటి మనవరాలు
మీ మాట అన్నయ్యకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పెద్ద ఫ్రేమ్ ఎంతవుతుంది?" అన్నాడు.

మాస్టారూ, మీరడిగింది నిజం. పెద్దనానమ్మ ఫోటో మా గోడమీద లేదు. ఆ సంగతి మాకెవరికీ తట్టనే లేదు, సిగ్గేసింది. ఆవిడ ఓటరు కార్డు అత్తయ్య ట్రంకుపెట్టెలో ఉందట. ఆదివారం వెళ్తున్నాను. ఫ్రేములతన్ని అప్పటిదాకా ఆగమన్నాను.